తక్కువ ఖర్చుతో హేవ్‌లాక్ దీవి, స్కూబా డైవింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పుడు అండమాన్‌కు పంపడమే శిక్ష. ఇప్పుడు వెళ్లి వచ్చాక మొదలవుతుంది శిక్ష: కనిపించిన ప్రతివాళ్లూ ‘ఎంతయింది?’ అని అడుగుతారు, వెంటనే ‘నాకు ఈత రాదే’ అంటారు. నేను మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ జీతం రాళ్లు లెక్కపెట్టుకుంటూనే వెళ్లాను. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడి ఖర్చులు ఇద్దరు కలిసి వెళ్తే ఒక్కొక్కరికి పడే వాటా. ధరలు సీజనునుబట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. వీటిని కొలబద్దగా తీసుకోండి, రసీదుగా కాదు.

హేవ్‌లాక్, స్వరాజ్ ద్వీప్ వేరువేరా?

ఒకటే. 2018 డిసెంబరులో అండమాన్‌లోని హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ల నోట పాతవే ఉంటాయి. ఇక్కడ నేనూ పాతవే వాడుతున్నాను.

దీవిలోని చోట్లను నంబర్లతో పిలుస్తారు. ఒకటో నంబరు దగ్గర జెట్టీ, మూడో నంబరు బజారు. ఐదో నంబరంటే విజయనగర్ తీరం, ఏడో నంబరంటే రాధానగర్. దారి అడిగేటప్పుడు ఊరి పేరు చెప్పినదానికన్నా నంబరు చెబితేనే తొందరగా అర్థమవుతుంది.

ఈత రాదు. డైవింగ్ చేయవచ్చా?

చేయవచ్చు. తొలి అనుభవంగా చేయించే డైవ్‌కు ఈత అక్కర్లేదు. శిక్షకుడు మీ వీపున ఉన్న సిలిండర్‌ను పట్టుకుని మిమ్మల్ని నడిపిస్తాడు. మీ పని ఊపిరి పీల్చి వదలడం, చెవుల సంగతి చూసుకోవడం, అంతే. దీని లోతు పరిమితి 12 మీటర్లు. చాలామంది అంతవరకూ కూడా వెళ్లరు, వెళ్లాల్సిన అవసరమూ లేదు.

సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలంటే మాత్రం ఈత రావాలి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలాలి. వేగంతో పని లేదు. గోదావరి కాలువల్లోనో, ఊరి బావుల్లోనో ఈత నేర్చుకున్నవాళ్లకు ఇది పరీక్షే కాదు. నాలాగా ముప్పై దాటాక మునిసిపల్ ఈత కొలనులో, పక్కన ఎనిమిదేళ్ల పిల్లలు నవ్వుతుంటే నేర్చుకున్నవాళ్లకైనా రెండు నెలల సాధన చాలు.

ఈతకన్నా ముందు చూసుకోవలసింది ఆరోగ్యం. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఈమధ్యే జరిగిన శస్త్రచికిత్స, ఇలాంటివన్నీ అడుగుతూ ఒక ఫారం ఇస్తారు. అన్నిటికీ ‘లేదు’ అని గీసేసి సంతకం పెట్టే అలవాటు మనకు ఉంది. ఇక్కడ దాన్ని పక్కన పెట్టండి. గర్భిణులు అసలే దిగకూడదు. పిల్లలకైతే కనీసం పదేళ్లు నిండాలి.

నీటి కింద భయం వేయదా?

వేస్తుంది. మొదటి రెండు నిమిషాలు.

నా మొదటి డైవ్ రెండో నంబరు తీరం దగ్గర, నీమో రీఫ్ అనే చోట. బోటెక్కే పని లేదు, ఒడ్డునుంచే నడుచుకుంటూ నీళ్లలోకి వెళ్లడమే. ఒడ్డున సిలిండరు బరువుకు నడుము వంగిపోయింది. నడుములోతుకు రాగానే ఆ బరువు ఎటు పోయిందో తెలియదు. మోకాళ్లపై కూర్చుని ముఖం నీళ్లలో పెట్టమన్నారు. ముక్కు మాస్కులో ఇరుక్కుని ఉంటుంది, నోట్లో రబ్బరు ముక్క. నోటితో ఊపిరి తీసుకోమని బుద్ధి చెబుతుంది, వద్దని ఒళ్లు మొరాయిస్తుంది. తెగించి లాగాను. చల్లగా, పొడిగా గాలి లోపలికి వచ్చింది. వదిలితే బుడగలు చెంపలు రాసుకుంటూ పైకి పోయాయి. ఇంకోసారి లాగాను. నాలుగో ఊపిరికి భయం పోయిందని చెప్పను గానీ, దాని సంగతి మరిచిపోయాను. ఎదురుగా సముద్రపు పువ్వు వేళ్ల మధ్య దోబూచులాడుతూ వేలెడంత చేప ఒకటి నన్ను తరిమేయాలని చూస్తోంది. దాని ఇంటికి నేను రాకూడదన్నమాట.

లోపల నిశ్శబ్దమని అందరూ అంటారు, నిజం కాదు. మన ఊపిరే కొలిమితిత్తిలా వినిపిస్తుంది. చెవి పెట్టి వింటే పటపటమని చిన్న చప్పుడొకటి: చిలకచేపలు పగడపు రాయిని కొరికి తింటున్నాయి. అవి కొరికి, అరిగించుకుని, విసర్జించిన పొడే ఇలాంటి తీరాల్లో తెల్లని ఇసుకలో మంచి భాగం. సింహాచలంలో కట్టించుకున్న ఎర్రదారం నా మణికట్టుకు ఉంది. లోతుకు వెళ్లేకొద్దీ దాని రంగు చచ్చి, చివరికి మట్టిరంగులోకి దిగింది. నీరు ముందుగా మింగేసేది ఎరుపునే.

ఒక జాగ్రత్త. నీటి కింద బొటనవేలు పైకెత్తితే ‘బ్రహ్మాండం’ అని కాదు, ‘పైకి తీసుకుపో’ అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. మొదటిసారి నేను ఆనందం పట్టలేక బొటనవేలు ఎత్తాను. శిక్షకుడు క్షణం ఆలస్యం చేయకుండా నన్ను పైకి తేల్చేశాడు. ఏమైందని అడిగితే చాలా బాగుందని చెప్పాను. ఆయన మొహం చూడాల్సింది.

చెవులు నొప్పి పుడతాయా?

సరిగా చేస్తే పుట్టవు. నీటి ఉపరితలం మీద మన ఒంటిపై ఒక వాతావరణ పీడనం ఉంటుంది. పది మీటర్ల లోతుకు అది రెండింతలవుతుంది. అంటే ఆ లోతులో చెవి లోపలి గాలి సగానికి నొక్కుకుపోతుంది, కర్ణభేరి లోపలికి వంగుతుంది. మార్పంతా పైపైన ఉన్న మొదటి మీటర్లలోనే ఎక్కువ. అందుకే ‘మూడు మీటర్లే కదా’ అనుకున్నచోటే నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసి, మెల్లగా ముక్కులోకి గాలి ఊదితే చెవుల్లో టప్పుమంటుంది, సరిపోతుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, అర మీటరుకోసారి ఊదుతుండాలి. టప్పుమనకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలవంతంగా మాత్రం ఊదకూడదు.

జలుబుంటే దిగకండి. రెండోసారి వెళ్లినప్పుడు నేను జలుబు దాచి, మాత్ర మింగి, ముక్కు ఎగబీల్చకుండా ఓపిక పట్టి బోటెక్కాను. కట్టిన డబ్బు పోతుందని ఆశ. మూడు మీటర్ల దగ్గర చెవిలో మేకు దిగగొట్టినట్టయింది. పైకి వచ్చేసి, మిగిలిన రెండు గంటలూ బోటులో కూర్చుని ఇతరుల బుడగలు లెక్కపెట్టాను. డబ్బు తిరిగి రాలేదు, ఇవ్వాల్సిన పనీ లేదు. ముందే చెప్పి ఉంటే రోజు మార్చుకునేవాడిని.

ఇంకొక్క నియమం, అన్నిటికన్నా పెద్దది: నీటి కింద ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. పైకి వస్తుంటే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. దారి మూసి ఉంచితే అది ప్రాణం మీదికే తెస్తుంది.

ఒక్క డైవ్ చేసి రావడమా, కోర్సు చేయడమా?

ఒక్క డైవ్‌కు 3,500 నుంచి 5,000 రూపాయలు. నీటిలో ఉండేది అరగంట, కాస్త అటూ ఇటూ. కోర్సు 28 వేల నుంచి 35 వేల దాకా ఉంటుంది. మూడు నాలుగు రోజులు పడుతుంది. తక్కువ లోతులో సాధన, కొంత చదువు, చిన్న పరీక్ష, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. పాస్ అయితే ప్రపంచంలో ఎక్కడైనా, తోడు డైవర్‌తో కలిసి 18 మీటర్ల దాకా దిగడానికి అర్హత వస్తుంది. పాడీ, ఎస్‌ఎస్‌ఐ అనే రెండు సంస్థల సర్టిఫికెట్లూ అన్నిచోట్లా చెల్లుతాయి. ఏది మంచిదన్న వాదన కన్నా నేర్పే మనిషి ఎవరన్నది ముఖ్యం.

నా సలహా: మొదటిసారి వెళ్తూ కోర్సుకు డబ్బు కట్టేయకండి. మొదటి రోజే ఒక డైవ్ చేయండి. పైకి రాగానే ‘మళ్లీ ఎప్పుడు?’ అనిపిస్తే కోర్సు మీకోసమే. ‘అయిపోయింది, బతికాను’ అనిపిస్తే మిగిలిన డబ్బుతో హాయిగా చేపలు తినండి. రెండూ మంచివే. కోర్సు పాసై సర్టిఫికెట్ కార్డు వచ్చాక రోజుకు రెండు డైవ్‌లకు బోటుతో కలిపి ఆరేడు వేల పైన అవుతుంది కాబట్టి ఈ వ్యసనం చౌకదని మాత్రం నేను చెప్పను.

అనుభవం పెరిగాక వెళ్లదగ్గ పేరున్న చోట్లు డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్, ది వాల్. కొత్తవాళ్లను నీమో రీఫ్, లైట్‌హౌస్, అక్వేరియం లాంటి తక్కువ లోతు చోట్లకు తీసుకెళ్తారు. కొత్తవాళ్లకు అవే నయం. వెలుతురు ఎక్కువ, చేపలూ ఎక్కువ.

చౌకగా ఎవరు చేయిస్తారు?

ఈ ప్రయాణంలో పొదుపు చేయకూడనిది ఇదొక్కటే. గది చిన్నదైనా నిద్ర పడుతుంది, పడవ నెమ్మదిదైనా చేరుస్తుంది. నీటి కింద మాత్రం మీ ఊపిరి ఇంకొకరి చేతిలో ఉంటుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒకసారి హోటల్ వాళ్ల మాట విని చౌక బేరం కుదుర్చుకున్నాను. ఒకే శిక్షకుడు ముగ్గురిని చూశాడు. పన్నెండో నిమిషంలో పైకి తెచ్చారు, అందులో నాలుగు నిమిషాలు ఫొటోలకే పోయాయి. తాకవద్దని నేర్పాల్సిన మనిషే పగడాన్ని పట్టుకుని నవ్వమన్నాడు.

అప్పటినుంచి డబ్బు కట్టకముందే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. శిక్షకుడికి ఎంతమంది? తొలి డైవ్‌కు ఒక్కరే అనాలి. నీటి అడుగున ఎన్ని నిమిషాలు? దిగేముందు తక్కువ లోతులో సాధన ఉందా? బోటులో ఆక్సిజన్ కిట్ ఉందా? చివరి ప్రశ్నకు నసిగితే వచ్చిన దారిన వెళ్లిపోండి. మంచి చోట్ల ఇవి అడిగితే సంతోషిస్తారు, సామాను విప్పి మరీ చూపిస్తారు.

ఏ నెలలో వెళ్లాలి?

నా ఓటు ఫిబ్రవరి రెండో సగం, మార్చికి. సముద్రం చెరువులా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి, డిసెంబరు రద్దీ ఉండదు. మన దగ్గర ఇంటర్ పరీక్షల కాలం కూడా కాబట్టి పిల్లలున్న కుటుంబాలు తక్కువ, గదులు బేరమాడితే దిగుతాయి. డిసెంబరు ఇరవై నుంచి జనవరి మొదటివారం దాకా అటువైపు చూడకండి. మే నడిమి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు. గదులు సగం ధరకు వస్తాయి, కానీ గాలివానకు పడవలు ఆగిపోతే మీ చౌక అంతా అక్కడే కరిగిపోతుంది. నీరు ఏడాది పొడవునా 27 నుంచి 30 డిగ్రీలు, కాబట్టి చలి భయం లేదు.

అక్కడికి చేరుకోవడం ఎలా? విశాఖ నుంచి ఓడ ఉందట కదా?

ఉంది. కోల్‌కతా, చెన్నైలతోపాటు విశాఖపట్నం నుంచి కూడా పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ వెళ్తుంది. ప్రయాణం దాదాపు 56 గంటలు. ప్రయాణాలు తక్కువ, తేదీలు కొద్దిరోజుల ముందే తెలుస్తాయి. కాబట్టి సెలవు ముందే పెట్టుకోవలసిన ఉద్యోగులకు ఓడ కుదరదు. కుదిరినవాళ్లు మాత్రం ఒక్కసారైనా ఎక్కాలి. అన్నిటికన్నా చౌక బంకు తరగతి. కింది అంతస్తులో పెద్ద హాలు, వరసగా రెండంతస్తుల పడకలు, పక్కనే సంసారాన్ని మూటగట్టుకుని వెళ్తున్న మనుషులు. రెండో రోజు నేలన్నది ఎటు చూసినా కనిపించదు. డెక్ మీద నిలబడితే ఎగిరే చేపలు నీళ్లపై గులకరాయి విసిరినట్టు దూసుకుపోతాయి. వాంతుల మాత్రలు మరవకండి. ఓడ అన్నం మీద ఆశలు పెట్టుకోకండి, జంతికలు పట్టుకెళ్లండి.

వారం సెలవే ఉంటే విమానమే దారి. హైదరాబాద్ నుంచి నేరుగా రెండున్నర గంటల లోపే. రెండు నెలల ముందు కొంటే రానూపోనూ పన్నెండు, పదమూడు వేలకు దొరకవచ్చు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు మళ్లీ పడవ. ప్రభుత్వ పడవ ఫీనిక్స్ బే జెట్టీ నుంచి రెండున్నర గంటల్లో చేరుస్తుంది. ప్రైవేటు ఏసీ పడవలు గంటన్నరలో వెళ్తాయి, టికెట్టు 1,500 పైమాటే. ప్రభుత్వ పడవకు అందులో సగం కూడా ఉండదు, కానీ టికెట్లు తొందరగా అయిపోతాయి. నాకైతే ప్రభుత్వ పడవే ఇష్టం. అద్దాల గదిలో బంధించరు, పైన నిలబడి గాలి పీల్చుకోవచ్చు. చివరి పడవ మధ్యాహ్నమే వెళ్లిపోతుంది. మీ విమానం పన్నెండు దాటాక దిగేట్టయితే ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే అనుకోండి.

డైవింగ్ చేసిన రోజే విమానం ఎక్కవచ్చా?

కూడదు. పీడనం కింద పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది. మెల్లగా బయటికి పోవడానికి దానికి సమయం కావాలి. పైన విమానంలో పీడనం తక్కువ, సోడా మూత తీసినట్టు బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేను 24 ఆగుతాను.

అందుకే చివరి రోజును పోర్ట్ బ్లెయిర్‌కు వదిలేయండి. గాలివానకు పడవ ఒక పూట ఆగినా విమానం తప్పిపోదు, నత్రజనికీ గడువు దొరుకుతుంది. సెల్యులార్ జైలు చూడటానికి ఆ పూట సరిపోతుంది.

ఉండటానికి, తినడానికి ఎంత?

ఐదో నంబరు తీరం వెంట కొబ్బరితోటల్లో వెదురు గుడిసెలు, చిన్న గదులు దొరుకుతాయి. రోజుకు 1,500 నుంచి 2,000 దాకా, ఇద్దరికి పంచితే తొమ్మిది వందలు. గోడలో బల్లి ఉంటుంది, బాత్రూములో పీత రావచ్చు. డైవింగ్ చేయించేవాళ్లలో చాలామంది ఇక్కడే ఉంటారు కాబట్టి పొద్దున్నే నడిచి వెళ్లవచ్చు. ఆ మిగిలే ఆటో డబ్బులను చిన్నచూపు చూడకండి.

తిండికి మూడో నంబరు బజారు. దీవిలోని పల్లెలు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి, కాబట్టి వంట కూడా బెంగాలీదే. అన్నం, పప్పు, బంగాళదుంప వేపుడు, ఆవపిండి పులుసులో చేప, రెండొందల లోపే. మన చేపలపులుసుకు అలవాటుపడిన నాలుకకు పులుపు చాలదు. చింతకాయ పచ్చడి సీసా ఒకటి వెంట ఉంటే ఆ సమస్యా లేదు. తీరం పక్కన దీపాలు వేలాడదీసిన హోటళ్లలో అదే చేపకు మూడింతలు పుచ్చుకుంటారు.

మొత్తం మీద ఎంతవుతుంది?

ఆరు రాత్రులకు, హైదరాబాద్ నుంచి విమానం మీద: విమానానికి 13,000, పడవలకు 3,500, గదికి 5,500, తిండికి 3,500, స్కూటీ అద్దె, పెట్రోలుకు వెయ్యి, ఒక డైవ్‌కు 4,500. కలిపితే 31,000. కోర్సు చేస్తే అరవై వేలకు దగ్గరగా చూసుకోండి. ప్రభుత్వ పడవ దొరికితే, స్కూటీ బదులు బస్సెక్కితే రెండు మూడు వేలు మిగులుతాయి. జెట్టీ నుంచి రాధానగర్‌కు ప్రభుత్వ బస్సు ఉంది.

డైవింగ్ లేని రోజుల్లో ఏం చేయాలి?

సాయంత్రం రాధానగర్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దీన్నే. పడమటి తీరం, వెనక నిలువెత్తు అడవి, ముందు పిండిలాంటి ఇసుక. భారత కాలమానమే ఇక్కడా కాబట్టి చలికాలంలో ఐదింటికే పొద్దు వాలిపోతుంది. నాలుగు గంటలకే చేరుకోండి. తెల్లవారుజామున తూర్పున ఉన్న విజయనగర్, కాలాపత్థర్. ఐదింటికి లేవలేని బద్ధకస్తులు ఆ పూట మానుకోవచ్చు.

విజయనగర్ తీరంలో ఈదాలనుకుంటే ముందు ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. పోటు మీద గది ముందుకు వచ్చిన నీళ్లు, ఆటుకు కనుచూపు మేర వెనక్కి పోయి రాళ్లు బయటపడతాయి. మా ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని ఉత్సాహంగా వెళ్లి, ఎండిపోయిన సముద్రాన్ని చూసి తిరిగివచ్చింది.

ఎలిఫెంట్ బీచ్‌కు పడవ మీద వెళ్లి ముఖం ముంచి పగడాలు చూడవచ్చు. అడవి దారిన నడిచీ వెళ్లవచ్చు. ఇక మొసళ్ల సంగతి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర ఒక పర్యాటకురాలు మొసలికి బలయ్యారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవుల దగ్గర, చీకటిపడ్డాక నీళ్లలోకి దిగవద్దు.

గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకోవచ్చా?

వద్దు. చచ్చిన పగడమైనా నేరమే, విమానాశ్రయంలో సంచులు విప్పిస్తారు. 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్ద ఎత్తున రంగు పోయి తెల్లబారాయి, కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీ కాలి తొక్కుడు కూడా వాటికి ఎక్కువే.

ఫోను, ఏటీఎం పనిచేస్తాయా?

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా మెరుగుపడింది. అయినా ఏటీఎంను నమ్మి వెళ్లకండి, చేతిలో నగదు ఉంచుకోండి.

హిందీ రాదు. ఇబ్బందా?

పెద్దగా కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో ఎక్కి నేను వచ్చీరాని హిందీలో జెట్టీకి ఎంతని అడిగితే, డ్రైవరు అద్దంలో చూసి ‘శ్రీకాకుళమా, విజయనగరమా?’ అన్నాడు. వాళ్ల తాతలది సోంపేట వైపట. కిరాయి మాత్రం రూపాయి తగ్గించలేదు.

ఏం సర్దుకోవాలి?

సన్న తువ్వాలు, టోపీ, ఒంటికి అంటుకునే పొడవు చేతుల చొక్కా, గుర్తింపు కార్డు నకళ్లు. మాస్కు, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) డైవింగ్ చేయించేవాళ్లే ఇస్తారు, కొనకండి. మీసమున్నవాళ్లకు మాస్కులోకి నీళ్లు కారతాయి. పై పెదవి దగ్గర కాస్త వ్యాజిలిన్ రాస్తే కొంత నయం. సాయంత్రం ఇసుకలో కూర్చుంటే కనిపించని ఇసుక ఈగలు కుడతాయి, వారం రోజులు గోక్కుంటారు. కొబ్బరినూనె దట్టంగా రాసుకుని కూర్చోండి.